చేతులు లెక్కపెట్టే సైమన్

ఆత్మకూరులో సైమన్ ఇల్లెక్కడ అని అడిగితే "ఏ సైమన్?" అంటారు. పిన్నుల సైమన్ అంటే మాత్రం బస్టాండులో అరటిపండ్లమ్మే ఆమె కూడా బుట్ట వదిలేసి వచ్చి ఇల్లు చూపిస్తుంది. చూపించి ఊరుకోదు, "ఈసారి ఏం చేసినాడు?" అని కూడా అడుగుతుంది. అడగకేం చేస్తుంది పాపం, సైమన్ ఏదో ఒకటి చేయని నెల ఆ ఊళ్ళో ఉంటే గదా!

వాడి జబ్బు ఒక్కటే. ఒకదానికొకటి పట్టని వస్తువులు రెండు కనబడితే వాడికి నిద్ర పట్టదు. ఈ టార్చిలైటు మూత ఆ టార్చిలైటుకు ఎందుకు పట్టదు? ఈ కుక్కరు రబ్బరు ఆ కుక్కరుకు ఎందుకు సరిపోదు? చిన్నప్పుడు ఒక ఇంటి తాళంచెవి ఇంకో ఇంటికి పట్టేలా అరగదీసి, వీధిలో వాళ్ళందరి చేతా తన్నులు తిన్నాడు. ఆ తన్నుల వల్ల బుద్ధి వచ్చిందనుకుంటే పొరపాటు. తాళాలు వదిలేసి మైకుల మీద పడ్డాడు.

పిన్నుల సంగతి ముందు చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది తలకెక్కదు. ఉదయగిరిలో మైకుసెట్టు పెంచలనరసయ్యది, ఆత్మకూరులో గోవిందయ్యది. పెళ్ళికైనా, ప్రార్థన కూటానికైనా, ఎలక్షన్లకైనా ఈ ఇద్దరే దిక్కు. ఈయన మైకు ఆయన యాంప్లిఫయరుకు పట్టదు, ఆయన వైరు ఈయన హారన్లకు పట్టదు. పట్టకూడదనే ఇద్దరూ పనిగట్టుకుని వేరువేరు పిన్నులు పెట్టించుకున్నారు. ఒకసారి తన సెట్టు తీసుకున్నవాడు చచ్చినట్టు మళ్ళీ తన దగ్గరికే రావాలి, అదీ వాళ్ళ తెలివి. ఒక ఏడాది ఉదయగిరి సంఘం కోత పండుగలో పాస్టరుగారు ప్రసంగం మధ్యలో ఉండగా పెంచలనరసయ్య మైకు మూగబోయింది. పక్కవీధి పెళ్ళికి వచ్చిన గోవిందయ్య మైకు చేతికందేంత దూరంలో ఖాళీగా ఉంది. ఉండి ఏం లాభం? పిన్ను పట్టదు. పాస్టరుగారు గొంతు చించుకుని ప్రసంగం ముగించి, ఆ వారమంతా ఇంట్లో సైగలతోనే బతికారు.

సైమన్ పుట్టింది ఉదయగిరిలోనే, అప్పటికి ఆత్మకూరులో రేడియోలు బాగుచేస్తూ ఉండేవాడు. మరుసటి ఏడు కోత పండుగకు మైకుల వాళ్ళిద్దరినీ భోజనానికి పిలిచాడు. ఆ సంఘంలో వంట ఎప్పుడూ వాడి మేనత్త ఎస్తేరమ్మదే. ఆమె గరిటె పట్టిందంటే డేగిసాలో పలావు వాసన ఊరి పొలిమేర దాకా వెళ్ళి మనుషుల్ని చెయ్యి పట్టుకుని లాక్కొస్తుంది. "నేను చెయ్యి ఊపిందాకా వడ్డించొద్దత్తా, మూత మాత్రం కొంచెం ఓరగా తియ్యి," అని ఆమెకు ముందే చెప్పి పెట్టాడు. జనమంతా ఆకుల ముందు కూర్చున్నాక నిలబడి, "మైకులకు ఒకటే రకం పిన్ను ఉండాలని ఒప్పుకున్నోళ్ళు చేతులెత్తండి," అన్నాడు. ఆకలి మీదున్న జనం, అటునుంచి వాసన, చేతులు లేవకేం చేస్తాయి! పందిరి నిండా లేచిన చేతుల మధ్య పెంచలనరసయ్య, గోవిందయ్య ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు.

"ఇదేం అన్యాయంరా, కూడు ముందర పెట్టుకుని పంచాయితీనా?" అన్నాడు పెంచలనరసయ్య.

"కూడు తిన్నాక పంచాయితీ పెడితే నువ్వు ఉంటావా మావా?" అన్నాడు సైమన్.

పెంచలనరసయ్య చెయ్యెత్తాడు. ఆయన ఎత్తాక గోవిందయ్య ఒక్కడూ ఎంతసేపు దించుకుని ఉంటాడు? అప్పటినుంచి రెండు ఊళ్ళలో ఒకటే పిన్ను. పెద్ద కూటాలకు రెండు సెట్లూ కలిపి కట్టించుకోవడం మొదలై ఇద్దరికీ గిరాకీ పెరిగింది. ఆ సంగతి ఇద్దరూ ఈనాటికీ ఒప్పుకోరు.

అయితే ఆ రోజు పందిట్లో అన్ని చేతులు లేపించిన సైమన్ తన చెయ్యి మాత్రం ఎత్తలేదు. ఎత్తడు కూడా. మైకులవాళ్ళ సంగతి వేరు గానీ, సంఘం మనుషుల్లో బాప్తిస్మం తీసుకున్నవాళ్ళకే ఓటు. నీళ్ళలో మునిగి లేచి, అందరి ముందూ ఒప్పుకోలు చెప్పినవాళ్ళే చెయ్యెత్తాలి. సైమన్ ఇంకా మునగలేదు. భక్తి లేక కాదు. పాటల పుస్తకం చూడకుండా అన్ని పాటలూ పాడతాడు, క్రిస్మస్‌కు నక్షత్రం కట్టేదీ వాడే. చలికాలంలో అడిగితే "నీళ్ళు చల్లగా ఉండాయి" అంటాడు, ఎండాకాలంలో అడిగితే "నీళ్ళు తక్కువగా ఉండాయి" అంటాడు. ఎస్తేరమ్మ గట్టిగా పట్టుకుంటే, "మునిగితే వేషాలు మానెయ్యాల గదత్తా, ఇంకా కొన్ని మిగిలుండాయి," అన్నాడు. ఓటు లేనివాడు గనక పెద్దలు వాడికి ఇంకో పని అప్పగించారు. లెక్కపెట్టేవాడికి ఓటు ఉంటే తనవైపు ఒక చెయ్యి ఎక్కువ కనబడుతుందని అక్కడొక ఆనవాయితీ. అందుకని సంఘం కమిటీ అయినా, స్త్రీల సమాజం ఎన్నికలైనా చేతులు లెక్కపెట్టడానికి సైమన్నే లేపేవారు. వాడు వరసల మధ్య తిరుగుతూ వేలు చూపిస్తూ లెక్కపెడుతుంటే ముసలమ్మలు కూడా బుద్ధిగా మోచెయ్యి నిటారుగా పెట్టేవాళ్ళు. నలభై ఏళ్ళు దగ్గరపడేదాకా అందరినీ లెక్కపెట్టాడు. వాడిని లెక్కపెట్టినవాళ్ళు మాత్రం లేరు.

తర్వాత రేడియోలు పోయి టీవీలు వచ్చాయి, టీవీల వెనక కంప్యూటర్లు వచ్చాయి. ఎరువుల కొట్టు మీద మేడగదిలో సైమన్ కంప్యూటర్ సెంటర్ పెట్టాడు. కింద యూరియా వాసన, పైన పిల్లల టైపింగ్ చప్పుడు. ఒకరోజు ఏదో పత్రికతో పాటు ఉచితంగా ఒక సీడీ వచ్చింది. కంప్యూటర్‌ను నడిపించే ప్రోగ్రామంతా దాని లోగుట్టుతో సహా అందులో ఉంది. ఎవరైనా విప్పి చూసుకోవచ్చు, మార్చుకోవచ్చు, మార్చింది మళ్ళీ అందరికీ పంచవచ్చు. ఓపెన్ సోర్స్ అంటారట. లోకంలో నలుమూలలా కూర్చుని దాన్ని రాసేవాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూడకుండానే ఈమెయిలు ఉత్తరాల మీద పని చేసుకుంటున్నారట. సైమన్‌కు నెత్తిన పాలు పోసినట్టయింది. అడిగినవాడికల్లా పిన్ను విప్పి చూపించే మనుషులు ఇంతమంది ఉన్నారా అని వాడు నిజంగా కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఆపైన ప్రతి శనివారం ఫ్లాపీలు జేబులో వేసుకుని నెల్లూరు బస్సెక్కడం, అక్కడ ఇంటర్నెట్ సెంటర్‌లో కూర్చుని ఉత్తరాలు పంపడం, వచ్చినవి ఫ్లాపీల్లో నింపుకుని సాయంత్రం బస్సుకు తిరిగి రావడం.

అక్కడ కూడా వాడికి పట్టని పిన్నులే కనబడ్డాయి. ఆఫీసుల్లో రాత్రీ పగలూ ఆగకుండా నడిచే పెద్ద కంప్యూటర్ పెట్టెలుంటాయి, సర్వర్లంటారు. పెట్టె లోపల ఎంత వేడిగా ఉంది, ఫ్యాన్ తిరుగుతోందా లేదా, కరెంటు సరిగా అందుతోందా అని చూసి చెప్పడానికి అందులో ఒక చిన్న కార్డు ఉంటుంది. ఒక్కో కంపెనీ కార్డుది ఒక్కో భాష. ఒకదానికి రాసిన ప్రోగ్రాము ఇంకోదానికి పనికిరాదు. పెంచలనరసయ్య, గోవిందయ్యల తెలివే, కాకపోతే టై కట్టుకుంది. సైమన్ రెండేళ్ళు కూర్చుని ఏ కార్డయినా అర్థం చేసుకునే ప్రోగ్రాము ఒకటి రాశాడు. కొన్ని కార్డుల భాష కంపెనీలు చెప్పాయి, చెప్పనివి తడిమి తడిమి కనుక్కున్నాడు. దాన్ని ఎక్కడెక్కడివాళ్ళో వాడుకుంటున్నారని ఉత్తరాలొస్తే బస్సులో పక్కవాడికి చదివి వినిపించేవాడు. పక్కవాడు నెల్లూరు ఆస్పత్రికి పోతున్న మర్రిపాడు రైతైనా సరే వదిలేవాడు కాదు.

తొంభై తొమ్మిదిలో బెంగుళూరునుంచి అనురాధ అనే ఆమె ఉత్తరం రాసింది. ఆమె ఒక సర్వర్ల కంపెనీలో ఇంజనీరు. బెంగుళూరు, హైదరాబాదు, మద్రాసు కంపెనీలు మూడు కలిసి అన్ని కార్డులకూ ఒకటే భాష పెట్టుకుందామని కమిటీ వేసుకున్నాయి, దానికి ఆమె అధ్యక్షురాలు. ఓపెన్ సోర్స్ వాళ్ళ తరఫున మీరు కూడా రండి అని ఆమె సైమన్‌ను పిలిచింది. మేడగదిలో ఆ ఉత్తరం చదివి సైమన్ వేసిన కేకకు కింద ఎరువుల కొట్టులో త్రాసు ఆగిపోయింది.

కానీ ఆ కమిటీలో మద్రాసు కంపెనీ మేనేజరు ప్రవీణ్‌కుమార్ అని ఒకాయన ఉన్నాడు. పుట్టింది నెల్లూరే, మాట మాత్రం ఇస్త్రీ చేసినట్టుంటుంది. ఒకటే భాష పెట్టుకోవడానికి ఆయనకు అభ్యంతరం లేదు. ఆ భాష రాసిన కాగితం మాత్రం బయటివాళ్ళకు ఇవ్వకూడదన్నాడు. గుట్టు బయటపెట్టనని సంతకం చేసిన కంపెనీలే చూడాలన్నాడు. సైమన్‌కు గొంతులో వెలక్కాయ పడింది. సంతకం చేస్తే తన ప్రోగ్రాము ఎవరికీ పంచకూడదు, చెయ్యకపోతే ఆ కాగితం చూడకూడదు. కొత్త పెట్టెలన్నీ కొత్త భాషలోనే వస్తాయి. ఎటు చూసినా రెండేళ్ళ చాకిరీ బూడిదలో పోసినట్టే. కాగితం తెరిచిపెట్టాలా, మూసిపెట్టాలా అన్నది ఓటు పెట్టి తేల్చాలని కమిటీ నిర్ణయించింది. ఓట్లు సమానమైతే మూసిపెట్టినట్టే లెక్క.

ఓటు ఎవరికన్న దానిమీద ప్రవీణ్‌కుమార్ ఒక నిబంధన రాయించాడు. ఓటుకు ముందు మూడు కంపెనీల పెట్టెలనూ ఒకచోట పెట్టి పరీక్ష చెయ్యాలి, ఆ పరీక్షలో పనిచేసిన ప్రతి మనిషికీ ఒక ఓటు. తన ఇంజనీర్లను వ్యాను నిండా దింపుతాడని అందరికీ తెలుసు. సైమన్ మాత్రం వెంటనే ఒప్పుకున్నాడు. ఒప్పుకుంటూ ఒక్క ముక్క రాశాడు: "ఏసీ గదిలో పెట్టి వేడి కొలిస్తే ఏం తెలుస్తుందండీ? మే నెలలో మా ఉదయగిరి తీసుకురండి. మా కొండ కింద ఎండకు పెట్టెలు నాలుక బయటపెడతాయి. కరెంటు కూడా మీరు అడక్కుండానే పోతుంది." అనురాధకు ఆ మాట నచ్చింది. సంఘం సమాజమందిరంలో పరీక్ష పెట్టారు.

వాళ్ళు వచ్చిన రోజు తెల్లవారినుంచి ఉదయగిరిలో వాన. మే నెలలో వాన! పదేళ్ళలో కురవని వాన సైమన్ పరువు తియ్యడానికే పుట్టినట్టు కురిసింది. కొండ మీద మబ్బు కూర్చుని కదలదు. ప్రవీణ్‌కుమార్ వ్యాను దిగి, గొడుగు విప్పి, "ఏవండీ సైమన్‌గారూ, స్వెట్టర్ తెచ్చుకోవాల్సిందే," అన్నాడు. సైమన్ పళ్ళికిలించి, పెట్టెలను మందిరం వెనకగదిలో దించించాడు. దించించాడే గానీ తల ప్రాణం తోకకొచ్చింది. వేడి లేకపోతే పరీక్ష లేదు, పరీక్ష లేకపోతే మళ్ళీ మద్రాసులోనో ఎక్కడో పెడతారు, అక్కడ ప్రవీణ్‌కుమార్ మనుషులే మనుషులు.

ఆ వెనకగదికీ వంటపాకకూ మధ్య ఒకటే గోడ. సైమన్ వానలో తడుస్తూనే ఎస్తేరమ్మ దగ్గరికి పరిగెత్తాడు.

"అత్తా, గాడిపొయ్యి ఈ గోడకానుకుని తవ్వించు. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా మంట ఆరగూడదు."

"వచ్చినోళ్ళు గుప్పెడుమందిరా! ఎవురికి వండేది అంత?"

"ఊరందరికీ వండు. సువార్త కూటమనుకో."

"నువ్వు సువార్త మాటెత్తితే నాకు బయమేస్తుండాదిరా," అంది ఎస్తేరమ్మ. అన్నదే గానీ కట్టెలు గోడవైపే పేర్చింది.

మధ్యాహ్నానికి గోడ కాగింది. వెనకగది కిటికీలు మూసేసరికి లోపల కొలిమిలా అయింది. పెంచలనరసయ్య తన జనరేటరు తెచ్చి బయట పెట్టాడు. దాని కరెంటు ఎక్కేది, దిగేది, మధ్యలో దగ్గేది. సర్వర్లకు అంతకన్నా కఠినమైన పరీక్ష ఏ దేశంలోనూ దొరకదు. అనురాధ చెమట తుడుచుకుంటూ గోడ మీద చెయ్యి పెట్టి ఉలిక్కిపడింది.

"ఈ గోడేంటండీ ఇంత కాలుతోంది?"

"కొండ పక్కన గదా మేడమ్. ఎండంతా పీల్చుకుని పెట్టుకుంటాది."

"బయట వాన పడుతోందండీ."

"గోడకేం తెలుసు మేడమ్."

ఆమె ముక్కెగరేసి గాలి పీల్చింది. జీలకర్ర, దాల్చినచెక్క, కాలుతున్న ఉల్లిపాయ. నవ్వాపుకుని బల్ల దగ్గరికి పోయి, వేడి ఎక్కడిదన్న చోట "స్థానికం" అని రాసుకుంది.

పరీక్ష మూడు రోజులు సాగింది. మూడు పెట్టెలూ చెప్పే వేడిని సైమన్ ప్రోగ్రాముతోనే స్క్రీన్ మీద చూశారు. రెండోనాడు సైమన్‌కు ఒక తమాషా కనబడింది. బెంగుళూరు పెట్టె, హైదరాబాదు పెట్టె ఒక్క మాటమీద ఉన్నాయి, మద్రాసు పెట్టె మాత్రం చలిదేశంలో ఉన్నట్టు చెబుతోంది. పెట్టెలను అటూ ఇటూ మార్చి చూశాడు. ఎక్కడ పెట్టినా మద్రాసు కార్డు పన్నెండు డిగ్రీలు తక్కువే చెబుతోంది. అంటే లోపల పెట్టె మాడిపోతున్నా ఆ కార్డు చల్లగా ఉందనే అంటుంది. కాగితం మూసిపెట్టమని ప్రవీణ్‌కుమార్ ఎందుకంత పట్టుపడుతున్నాడో సైమన్‌కు అప్పుడర్థమైంది. లోపల ఈల వేసుకున్నాడు. పైకి మాత్రం కిక్కురుమనకుండా తన ప్రోగ్రాములో ఏదో నాలుగు ముక్కలు కొట్టి, ఆ మాట చివరాఖరికి వాడుకుందాంలే అని కడుపులో దాచుకున్నాడు. అసలు ఆ మాట అవసరమే రాదనుకున్నాడు, ఎందుకంటే ఓట్లు వాడి చేతిలో ఉన్నాయి.

మూడోనాడు ఓటు. మందిరంలో ఒకపక్క మద్రాసు ఇంజనీర్లు, ఇంకోపక్క బెంగుళూరు, హైదరాబాదు వాళ్ళు. వెనక తలుపు తీసుకుని ఎస్తేరమ్మ, ఆమెతో వంటచేసిన ఆడవాళ్ళు, కట్టెలు కొట్టినవాళ్ళు, నీళ్ళు మోసినవాళ్ళు, పెంచలనరసయ్య వచ్చి చాపల మీద కూర్చున్నారు.

"వీళ్ళెవరు?" అన్నాడు ప్రవీణ్‌కుమార్.

"ఓటర్లండీ," అన్నాడు సైమన్ వినయంగా. "ఆయన కరెంటిచ్చినాడు. ఈమె వేడిచ్చింది."

"వేడివ్వడమేంటి?"

"గోడవతల పొయ్యి ఎస్తేరమ్మగారిది," అంది అనురాధ. "పరీక్షలో పనిచేసిన ప్రతి మనిషికీ ఓటు అని మీరే రాయించారు ప్రవీణ్‌గారూ. ఆవిడ పొయ్యి లేకపోతే మనకు పరీక్షే లేదు."

ప్రవీణ్‌కుమార్ ఒంటికాలి మీద లేచాడు గానీ నిబంధన తనదే, ఏం చేస్తాడు? కూలబడ్డాడు. సైమన్ మొహం వెలిగిపోయింది. తనవాళ్ళందరికీ ముందురోజే చెప్పిపెట్టాడు: తెరిచిపెట్టాలన్నప్పుడు చెయ్యెత్తాలి, అంతే పని.

"తెరిచిపెట్టాలనేవాళ్ళు చేతులెత్తండి. ఎవరైనా లెక్క..." అని అనురాధ అనేలోగానే సైమన్ లేచి వరసల మధ్య ఉన్నాడు. అలవాటు! వేలు చూపిస్తూ, పెదాలు కదుపుతూ లెక్కపెట్టుకుంటూ పోయాడు. చాపల మీద ఒక్క చెయ్యి కూడా కింద లేదు. గెలిచినట్టే.

"మూసిపెట్టాలనేవాళ్ళు?"

మద్రాసు చేతులు లేచాయి. వాటితోపాటు ఎస్తేరమ్మ చెయ్యి లేచింది. ఆమె పక్కావిడది లేచింది. పెంచలనరసయ్యది లేచింది. చాపల మీదవన్నీ మళ్ళీ లేచాయి.

"అత్తా! ఏందిది?" అన్నాడు సైమన్ గొంతు పీలగా పెట్టి.

"ఆ అబ్బయ్య కూడా మన ఇంటికొచ్చినోడే గదరా. మొన్న కూర బాగుండాదని రెండుసార్లు పెట్టించుకున్నాడు. ఆయన అడిగినప్పుడు ఎత్తకపోతే మనసు నొచ్చుకోడా?"

సంఘంలో ఆ ముసలివాళ్ళు ఎప్పుడూ అంతే, ఎవరి మనసూ నొప్పించకూడదని రెండుసార్లూ ఎత్తుతారు. ఏళ్ళ తరబడి లెక్కపెట్టిన సైమన్ ఆ ఒక్కటీ మరిచిపోయాడు. చాపల ఓట్లు ఇటువి అటువి కొట్టేసుకున్నాయి. కుర్చీల్లో వాళ్ళవి కూడి చూస్తే, బెంగుళూరు, హైదరాబాదు కలిపి ఎంతో మద్రాసు అంత. సమానం.

"మీ ఓటు ఏదండీ?" అంది అనురాధ మెల్లగా. "మీరు చెయ్యెత్తారా?"

"నేను... లెక్కపెడుతుండాను గదా," అన్నాడు సైమన్.

ఒక్క చెయ్యి. వాడి చెయ్యే. ఊళ్ళో అందరి చేతులూ లేపించినవాడు తన చెయ్యి ఎత్తడం మరిచాడు. "ఓటింగ్ అయిపోయింది, ఇప్పుడు కలపడానికి లేదు," అన్నాడు ప్రవీణ్‌కుమార్. అందులో తప్పేమీ లేదు. సైమన్ చెవులు ఎర్రబడ్డాయి. రెండేళ్ళ శనివారాలు, ఆ బస్సులు, ఆ ఫ్లాపీలు అన్నీ కళ్ళముందు తిరిగాయి. ఇంక దాచి లాభం లేదు, మద్రాసు కార్డు గుట్టు అందరి ముందూ విప్పి పారేద్దామని, "ఒక్క మాట! ఈ మద్రాసు..." అంటూ లేచాడు.

భుజం మీద గరిటె పడింది.

"కూచో," అంది ఎస్తేరమ్మ. "ఓటు సమానమైతే ఏం చెయ్యాల?"

ఆ సంఘంలో అదొక పద్ధతి. చేతులు సమానంగా తేలితే ఆ విషయం మీద ఎవరూ నోరెత్తకూడదు. పోట్లాడుకున్న ఇద్దరూ పక్కపక్కన కూర్చుని, ఒకరికొకరు వడ్డించుకుని తినాలి. తిన్నాక ఏదైనా. ఎస్తేరమ్మ ప్రవీణ్‌కుమార్‌ను కూడా వదల్లేదు. "రా నాయనా, బూట్లు ఇప్పి రా," అని చెయ్యి పట్టుకుని చాప మీద సైమన్ పక్కన కూర్చోబెట్టింది. పలావు గిన్నె ఇద్దరి మధ్యా పెట్టి పోయింది.

సైమన్ చూపు ఆకు మీదే ఉంచి ఆయనకు వడ్డించాడు. ఆయన సైమన్‌కు వడ్డించాడు. సగం తిన్నాక ప్రవీణ్‌కుమార్ గొంతు తగ్గించి అడిగాడు.

"మీకు తెలుసు కదా?"

"నిన్ననే తెలిసింది."

"మరి చెప్పలేదే?"

"చెప్పబోయినాను. మా అత్త గరిటె చూసినారు గదా."

ప్రవీణ్‌కుమార్‌కు నవ్వొచ్చింది, పొరబోయింది, సైమన్ నీళ్ళిచ్చాడు. తేరుకున్నాక ఆయన ఇస్త్రీ అంతా పోయి నెల్లూరు బయటపడింది. "కొత్త కార్డు తయారవుతుండాది. అది వచ్చేదాకా ఎవరూ పోల్చి చూడకుండా ఉంటే చాలని పైనుంచి ఒకటే పోరు. నేనేం చెయ్యాల? కానీ ఒకటి అర్థం కాలేదు. నిన్నట్నుంచి స్క్రీన్ మీద వేడి సరిగ్గానే కనబడుతుండాదే. మా పిల్లకాయలు ఏదో సరిచేసినారనుకున్నాను."

"మీ పిల్లకాయలేం చెయ్యలా. నా ప్రోగ్రాములో మీ కార్డుకు నేనే పన్నెండు డిగ్రీలు కలిపినాను."

"మీరా? ఎందుకు?"

"మరి పెట్టె కాలిపోదా?" అన్నాడు సైమన్, అదేం ప్రశ్న అన్నట్టు. "అది మీదైతే ఏంది, ఎవురిదైతే ఏంది. కాగితం మూసిపెట్టుకుంటే, కాలిపోయినాక మీకు తెలుస్తాది. తెరిచిపెట్టుకుంటే నాలాంటోడు ఎవుడో ముందే చూసి చెప్తాడు."

ప్రవీణ్‌కుమార్ చీకిన ఎముకను ఆకు పక్కన పెట్టాడు. తర్వాత, "ఆ పన్నెండు కలిపింది అందరికీ కనబడుతుందా?" అన్నాడు.

"కనబడతాది. దాచేది మా దగ్గర లేదు. పక్కన ఏం రాయాలో మీరే చెప్పండి, రాస్తాను."

"'పాత కార్డు, కొత్తది వచ్చేదాకా' అని రాయండి." ఆయన చెయ్యి కడుక్కొచ్చి, బూట్లు వేసుకోకుండానే అనురాధ ముందు నిలబడ్డాడు. "మేడమ్, మళ్ళీ ఓటు పెట్టండి. అడుగుతున్నది నేనే."

అనురాధ అందరినీ మళ్ళీ కూర్చోబెట్టింది. "తెరిచిపెట్టాలనేవాళ్ళు," అనగానే సైమన్ లేచి వరసల్లోకి నడవబోయాడు. ఎస్తేరమ్మ వాడి చొక్కా పట్టుకుని చాప మీదికి లాగింది.

"లెక్క ఇంకొకరు పెడతారులే. నువ్వు చెయ్యెత్తు."

"నేనా?"

"నువ్వే. ఇక్కడ నీళ్ళలో మునగబన్లేదు. పనిచేస్తే చాలంట."

సైమన్ చెయ్యి సగం లేచి ఆగిపోయింది. వింతగా ఉంది వాడికి. ఇంతమందిలో చెయ్యెత్తితే ఎలా ఉంటుందో వాడికి ఎప్పుడూ తెలియదు. సిగ్గు, భయం, లోపల ఎక్కడో సంతోషం, అన్నీ ఒకేసారి వచ్చాయి. ఎస్తేరమ్మ తన చెయ్యి ఎత్తి, రెండో చేత్తో వాడి మణికట్టు పట్టుకుని పైకి లేపింది. ప్రవీణ్‌కుమార్ చెయ్యి లేచింది, ఆయన్ను చూసి మద్రాసు చేతులన్నీ లేచాయి.

"మూసిపెట్టాలనేవాళ్ళు?" అంది అనురాధ, పద్ధతి ప్రకారం.

ఎస్తేరమ్మ పక్కన ముసలమ్మల చేతులు ఎప్పటిలాగే లేవబోయాయి. ఎస్తేరమ్మ వాళ్ళవైపు ఒక చూపు చూసింది, చేతులు దిగిపోయాయి. ఆమె చేతిలో సైమన్ మణికట్టు ఇంకా అలాగే పైకి ఉంది.

"వదులత్తా, అది అయిపోయింది," అన్నాడు సైమన్.

"ఉండనీరా. లెక్క కానీ," అంది ఆమె.

తెరిచిపెట్టాలన్న చేతులు మళ్ళీ ఎత్తించి లెక్కపెట్టడానికి పెంచలనరసయ్య లేచాడు. ఎవరూ చెప్పకపోయినా నేరుగా వెనక చాప దగ్గరికి వచ్చాడు. సైమన్ ముందు ఆగి, వాడు ఇన్నాళ్ళూ అందరికీ చూపించినట్టే వేలు చూపించి, మందిరమంతా వినబడేలా "ఒకటి," అన్నాడు.